నా కింద సుట్టకుదురు

ఓ బాలరాజూ! ఓ బామ్మర్దీ! వింటానవా, లేకుంటె ఆడ డోర్నకల్ ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్లకు రెండు పిర్రలు మంచిగ ఆనిచ్చి చాయ్ ఊదుకుంట కూసున్నవా? కూసో బిడ్డా, కూసో. రైల్వేల నౌకరంటే రైళ్లకు జెండా ఊపుడు అనుకుంటానవ్ గని, నీ అసలు నౌకరి కూసునుడు. నాకు ఆ నౌకరి పోయి మూడు నెలలాయె. నవ్వకు. ఒక్క మాట చెవుల ఏసుకో: నన్ను బకరను చేసేటోడు ఈ కొత్తవాడల ఇంక పుట్టలె. చేసుకుంటే నాకు నేనే చేసుకోవాలె.

ఇదంతా నోటితో అంటున్నది కాదు, మనసులో అంటున్నాను. నోరు తెరిస్తే మా యోగా టీచరు మహిత ‘వెంకటరాజం అంకుల్, శ్వాస మీద ధ్యాస’ అంటుంది. శ్వాస మీద ధ్యాస పెడితే ముక్కు దురద పెడుతుంది, ముక్కు మీద పెడితే బాలరాజు గుర్తొస్తాడు, వాడి ముక్కు అలాంటిది. పొద్దున ఆరున్నర. మా చేనేత సంఘం మేడ మీది హాలు. కార్తీకం చలి కిటికీ సందులోంచి వచ్చి సరిగ్గా నా మడమల మీద కూర్చుంది. చలికి కూడా కూర్చోవడానికి చోటు దొరికింది చూడు. ఇరవై మంది వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నారు, శవాసనం. నేనొక్కణ్ణే బోర్లా, చేతుల మీద గడ్డం పెట్టుకుని. నాది మకరాసనం అట. అందరూ శవాలు, నడుమ నేనొక మొసలిని. వాళ్లు కళ్లు తెరిస్తే పైన ఫ్యాను కనిపిస్తుంది, నాకు కింద జంపఖానా కనిపిస్తుంది. ఎర్ర పట్టీ, నల్ల పట్టీ, మళ్లీ ఎర్ర పట్టీ. ఇది నేను నేసిందే. ఎట్లా తెలుసంటే, ఇదిగో నా ముక్కు కిందనే, నల్ల పట్టీ పక్కన ఒక పేక జారింది. నేసేటప్పుడు నేను నవ్వాను. నవ్వితే చెయ్యి వణుకుతుంది, చెయ్యి వణికితే పోగు లాగే నాడె జర పక్కకు పోతుంది. ఎందుకు నవ్వాను?

ఆ, గుర్తొచ్చింది. ఆధార్ కార్డుల రోజు. నేత కార్డు ఉన్నవాళ్ల బొటనవేళ్లకు ఫొటోలు తీస్తున్నారట, ఆధార్ పట్టుకుని సంఘం ముందు లైన్లో నిలబడాలట అని గల్లీ మొదట్లో ఒక్కరికి చెప్పాను. ఒక్కరికే. గంటలో పదకొండు మంది నిలబడ్డారు తాళం వేసిన తలుపు ముందు. మొదటి మనిషి ఎవరు? నా పెళ్లాం అనసూర్య. బొటనవేలు సబ్బు పెట్టి కడుక్కుని మరీ పోయింది. రెండు గంటలు నిలబడి ఇంటికొచ్చింది. తిట్టలేదు, నవ్వలేదు, కొంగుతో మొహం తుడుచుకుని కంచం పెట్టింది. పప్పులో ఉప్పు కూడా సరిగ్గానే ఉంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఒక్కసారి కూడా వేళాకోళం ఆడలేదు, బాలరాజూ. మీ అక్క మనసులో ఆ గది కట్టనే లేదు అనుకున్నాను.

అందుకే ఇవాళ నాకు భయం. వేళాకోళం ఆడే మనిషైతే ఆడింది అనుకుందును. నిన్న సాయంత్రం మా వాకిట్లో ఇసుక పోశారు. రెండు సంచుల సిమెంటు. ‘ఏందిది?’ అన్నాను. ‘పొద్దుగాల ఎనిమిదింటికి యాకయ్య వస్తాండు’ అన్నది. యాకయ్య మేస్త్రీ. అంతే అన్నది. మిగతాది నాకు తెలుసు, ఎందుకంటే పది రోజుల కిందట నేనే అన్నాను ఆ మాట. మగ్గం గుంట ఉట్టిగనే ఉంటాంది, చీకట్ల కాలు జారుతాంది, ఏం చేద్దామని ఆమె అడిగితే, నేను గొప్పగా ‘పూడ్చుకో, పూలమొక్కలు పెట్టుకో’ అన్నాను. అది నవ్వడానికి అన్న మాట. నవ్వని మనిషితో నవ్వడానికి మాట అంటే ఇట్లాగే అవుతుంది, ఇసుక వస్తుంది. ఇప్పుడు పోయి ‘వద్దు’ అంటే ‘మరి కూసుంటవా?’ అంటుంది. కూర్చుంటానా? అదే తెలియడం లేదు. ఎనిమిదింటికి యాకయ్య పార వేసేలోపల తెలియాలి నాకు, నేను మగ్గంలో కూర్చోగలనో లేనో. కూర్చోగలిగితే గుంట ఉంటుంది. లేకపోతే మా నాయన తవ్విన గుంటలో బంతిపూలు.

నొప్పి ఉందా? చూద్దాం. ధ్యాస అక్కడికి పంపుతున్నాను. ఊపిరి పీల్చు, పంపు. నడుము దాటింది, ఇంకా కిందికి, ఆ, అక్కడ. ఉందా? ఉంది. ఉన్నట్టే ఉంది. జర ఎడమకు ఉంది. కాదు, కుడికి. ఆధార్ కార్డుల గురించి ఆలోచించినప్పుడు మాత్రం లేదు. ఇసుక గుర్తుకొస్తే వచ్చింది. ఇదేం నొప్పి, పిలిస్తే వచ్చి నవ్వితే పోయేది? నెలన్నర కిందట హనుమకొండలో డాక్టరు రెండోసారి ఫొటో తీసి ‘మానింది, ఇక కూర్చో’ అన్నాడు. మానితే మరి ఇదేంటి? డాక్టరు నాతో ఆటలాడుతున్నాడా, నా బొక్క, అదే ఎముక, నాతో ఆటలాడుతోందా, నేనే దానితో ఆడుతున్నానా? జీవితమంతా లేని నొప్పులు నటించాను. పెళ్లిళ్లలో కాలు విరిగినట్టు, పండగలకు పన్ను ఊడినట్టు. ఇప్పుడు నిజం నొప్పి ఏదో గుర్తుపట్టలేకపోతున్నాను. అది కూడా నావైపు చూసి ‘ఈయన ఏది నమ్ముతాడో’ అని నిలబడి ఉంది.

అసలు అంతా నీవల్లనే కదరా బాలరాజూ. కాదు, నావల్లనే. కాదులే, రాఖీ వల్ల. శ్రావణ పున్నం నాడు మా ఇంట్లో మగ్గం ముట్టుకోము. ఆ రోజు నువ్వు రాఖీ కట్టించుకోవడానికి అక్క ఇంటికి వస్తావు, వచ్చిన ప్రతిసారీ చెప్పులు విప్పి తిన్నగా పోయి నా మగ్గంలో కూర్చుంటావు, నేతగాడిలా ఫోజు పెడతావు. మాది గుంట మగ్గం. కాళ్లు ఆడించడానికి నడుము లోతు గుంట ఉంటుంది, దాని అంచున అడ్డంగా ఒక చెక్క, ఆ చెక్క మీద కూర్చుని నేయాలి. ఆ పొద్దున నేను చెక్క తీసేశాను. దాని బదులు నాలుగు మడతల జంపఖానా బిగించి పరిచాను, కింద చెక్క ఉన్నట్టే. ఎంత అందంగా పరిచానంటే, వంగి చూసినా తెలియదు. నువ్వు వస్తావు, కూర్చుంటావు, గుంటలోకి మెల్లగా దిగిపోతావు, నేను చప్పట్లు కొడతాను. అంతలో నువ్వే ఫోన్ చేశావు. ‘బావా, గల్లీ మొదట్ల ఉన్న, అక్కకు జిలేబి తేవాల్నా, లడ్డూ తేవాల్నా?’ అన్నావు. జింక తనంతట తానే వలలోకి వస్తూ జిలేబి అడుగుతోంది! ఆ సంబరంలో ‘జిలేబి తే, వేడివేడిది తే’ అంటూ అటు నడిచాను, ఇటు నడిచాను, నడిచి నడిచి నా జాగాలో నేను కూర్చున్నాను. చెక్క తీసిన సంగతి నా చేతులకు తెలుసు. నా ముడ్డికి ఎవరు చెప్పారు? దానికి ముప్పై ఏళ్ల అలవాటు.

గుంట అంచు రాయి నేరుగా అక్కడ తగిలింది. మెరుపులు కళ్లలో వస్తాయంటారు, నాకు దవడల్లో వచ్చాయి. అరిచాను. వంటింట్లోంచి అనసూర్య ‘సాలు తియ్యి, పూరీలు మాడుతానయ్’ అన్నది. నువ్వు వచ్చావు. గుంటలోకి తొంగి చూశావు. నేను ఏడుస్తున్నాను, నిజంగా ఏడుస్తున్నాను, కన్నీళ్లు మీసాల దాకా వచ్చాయి. నువ్వు ఏమన్నావు? ‘ఈసారి నేను పడ బావా’ అన్నావు. కుర్చీ తెచ్చుకుని దూరంగా కూర్చున్నావు. రాఖీ కట్టింది, హారతి ఇచ్చింది, జిలేబి పంచుకున్నారు. ఆ వాసన గుంటలోకి కూడా వచ్చింది. అన్నానికి పిలిచినా నేను రాకపోతే అప్పుడు అనసూర్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, వంగి, నా మొహం చూసి, ‘ఈయినకు నిజంగనే తాకింది’ అన్నది. పూరీలున్న రోజు నేను అన్నానికి రాకపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

పాపం దవాఖానలో డాక్టరు మంచివాడు, నవ్వడు. ‘తోక ఎముకకు సన్నని పగులు’ అన్నాడు. ‘తోకనే లేదు గద సారూ’ అన్నాను. ‘ఉండేది, పోయింది, మొదలు మిగిలింది’ అన్నాడు. దానికి పట్టీ కట్టరట, కోత పెట్టరట. గట్టి చోట కూర్చోవద్దట, ఓపిక పట్టాలట. తిరుగు ఆటోలో సీటు మీద మోకాళ్లు వేసి, వెనక్కి తిరిగి, సీటు వీపును వాటేసుకుని వచ్చాను హనుమకొండ నుంచి కొత్తవాడ దాకా. వెనక వచ్చే బండ్లవాళ్లందరి మొహాలు చూసుకుంటూ. నన్ను ఎరిగినవాళ్లు చేతులూపారు. ఒకాయన ‘ఇయ్యాల ఇదేం ఏషమే రాజమన్నా’ అన్నాడు. నొప్పికి పళ్లు బిగిస్తే నవ్వనుకున్నాడు. నేను కూడా చెయ్యి ఊపాను, ఏం చేస్తాను.

అప్పుడు అనసూర్య కుట్టింది ఇది. ఇదిగో, నా పక్కనే ఉంది, చాప మీద. నీళ్ల బిందె నెత్తిన పెట్టుకోవడానికి గుండ్రంగా గుడ్డ చుట్టుకుంటారే, సుట్టకుదురు, అదే ఆకారం. కాకపోతే నెత్తికి కాదు, నాకు. పాత జంపఖానా ముక్క కోసి, సంచిలా కుట్టి, మగ్గం కింద రాలిన నూలు తుక్కంతా లోపల కుక్కి, నడుమ బొంద వదిలింది. ఆ బొందలో నా తోక ఎముక గాలిలో ఉంటుంది, ఎవరికీ తగలదు. మొదటి రోజు కూర్చున్నప్పుడు సింహాసనంలా ఉండింది, జానెడు ఎత్తు. ఇప్పుడు వాడగా వాడగా నాకు సర్దుకుపోయింది, మెత్తబడింది. ప్రతి ఆదివారం ఆమె దాన్ని డాబా మీద ఎండబెడుతుంది, చెమట వాసన పోవాలని. అది లేకుండా నేను ఎక్కడికీ పోను. పెళ్లికి పోయినా చంకలో అదే, చావుకు పోయినా చంకలో అదే.

మహిత పిల్ల కూడా బాగా ఆలోచించి నేర్పింది, ఒప్పుకోవాలి. హనుమకొండలో కసరత్తులు చేయించే చదువు చదివింది. మొదటి రోజే చెప్పింది, ‘అంకుల్, కూసోని ముందుకు వంగేటియి మీకు లేవు, పడవ లెక్క ఊగేటియి అసలే లేవు. మీరు పిల్లి.’ రెండు చేతులూ రెండు మోకాళ్లూ నేలకు ఆనించి, నడుము పైకి, నడుము కిందికి. మ్యావ్ అన్నాను. ఎవరూ నవ్వలేదు, ఊపిరి లెక్కపెట్టుకుంటున్నారు. వాళ్లు పద్మాసనం వేస్తే నేను గోడకు చేతులు ఆనించి నిలబడేవాణ్ణి. వాళ్లు వజ్రాసనం వేస్తే నేను మడమల మీద రెండు దుప్పట్లు, దుప్పట్ల మీద సుట్టకుదురు, దాని మీద నేను, ఒంటె మీద ఊరేగింపులాగా. తర్వాత దుప్పట్లు ఒక్కొక్క మడతే తగ్గించింది. అయితే నెలన్నర కిందట ‘ఇగ సుట్టకుదురు గూడ జర జర తగ్గించుదాం అంకుల్, ఒంటికి ధైర్యం అలవాటు కావాలె’ అన్నప్పుడు మాత్రం నేను లేచి నిలబడ్డాను. ‘బిడ్డా, దుప్పట్లు నీయి, తీసుకపో. దీంట్ల నుంచి ఒక్క పోగు తీసినా నేను మల్ల మెట్లెక్క’ అన్నాను. ఇరవై మంది కళ్లు తెరిచారు. వేళాకోళం అనుకున్నారు. కాదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అందరినీ కింద పడేసి నవ్వినవాణ్ణి, బాలరాజూ, నాకు కింద పడడమంటే ఇంత భయమని నాకే తెలియదు.

‘మెల్లగ పక్కకు తిరిగి లేవండి.’ మహిత గొంతు. లేచాను. మడమల మీద సుట్టకుదురు పెట్టుకుని కూర్చున్నాను. బాగానే ఉంది. బాగానే ఉండడం కూడా అనుమానమే. మహిత నా ముందుకొచ్చి వంగింది.

‘నొప్పి ఉన్నదా అంకుల్?’

‘ఉన్నదంటే ఉన్నది, లేదంటే లేదు. నీకేది గావాలె?’

‘సుట్టకుదురు మంచిగ పనిజేస్తాంది గద.’

‘అది లేకుంటె నేను లేను బిడ్డా.’

ఆ పిల్ల తల తిప్పుకుని కిటికీ వైపు చూసి దగ్గింది. చలికి దగ్గు పట్టినట్టుంది.

మెట్లు దిగి నడుస్తున్నాను, చంకలో సుట్టకుదురు. గల్లీలో రెండు ఇళ్లలో మాత్రమే మగ్గం చప్పుడు. చిన్నప్పుడు ఈ దారిన నడిస్తే ఇంటింటికీ ఒక చప్పుడు. కళ్లు మూసుకున్నా ఎవరిల్లు ఎక్కడో చెవులే చెప్పేవి. మా నాయన మగ్గం చప్పుడు జర ఆగి ఆగి వచ్చేది, ఆయన నడుమ నడుమ బీడీ తాగేవాడు. ఇవాళ యాకయ్య గుంట పూడిస్తే రేపు కళ్లు మూసుకుని నడిచేవాడు మా ఇల్లు దాటి పోతాడు, తెలియకుండానే పోతాడు. ఏదో ఒకటి చెప్పు, తోక బొక్కా. ఎనిమిది కావస్తోంది. కూర్చుంటానా? అంచు రాయి గుర్తొస్తోంది, దవడలు బిగుసుకుంటున్నాయి. ఇంకా పది అడుగులు. అయ్యో, యాకయ్య అప్పుడే వచ్చేశాడు. లుంగీ ఎగ్గట్టాడు. పార తీసుకుని లోపలికి పోతున్నాడు.

నేను ఉరికాను. మూడు నెలలలో మొదటిసారి ఉరికాను. యాకయ్య గుంట పక్కన నిలబడి లోపలికి చూస్తున్నాడు. అనసూర్య తట్టలో ఇసుక పట్టుకుని ఉంది. చెక్క తీసి దాని జాగాలో పెట్టాను, రెండుసార్లు తట్టి చూశాను, చెక్కే. దాని మీద సుట్టకుదురు పెట్టాను. గుంటలోకి కాళ్లు జార్చి కూర్చున్నాను. కూర్చుని ఊపిరి బిగబట్టాను. వస్తుంది, ఇప్పుడు వస్తుంది, మెరుపు వస్తుంది. రాలేదు. పడుగు మీద సాలెపురుగు గూడు కట్టింది, ఊదాను. నాడె తీసుకున్నాను. తొక్కాను, విసిరాను, కొట్టాను. మళ్లీ. రాఖీ ముందు రోజు ఆగిపోయిన ఎర్ర పట్టీ పక్కన ఒక పేక, రెండు పేకలు, ఆరు పేకలు. ఇల్లంతా ఆ చప్పుడే. నా కళ్లలో నీళ్లు వచ్చాయి, ఈసారి నొప్పి లేదు, మరి ఎందుకు వచ్చాయో.

‘చూసినవా యాకన్నా! ఇది పూడ్చే గుంటనేనా?’ అన్నాను.

యాకయ్య నావైపు చూశాడు, అనసూర్య వైపు చూశాడు. ‘పూడ్చుడేందే అన్నా? ఒదినె గుంటల మెట్టు కట్టుమన్నది. నువ్వు దిగేటప్పుడు దబ్బున కూలవడకుంట.’

మెట్టు. నాకేమీ అర్థం కాలేదు. ఇసుక మెట్టు కోసమా? మరి పది రోజుల నుంచి ఏమీ అనదేం? అనసూర్య మొహం చూశాను. అదే మొహం, కంచం పెట్టిన మొహం. అయినా ఓడిపోయినట్టు ఉండడం నాకు చేతకాదు కదా. సుట్టకుదురు మీద చెయ్యి వేసి తట్టి, ‘మెట్టు కట్టుకో, మేడ కట్టుకో. నన్ను కూసోవెట్టింది మాత్రం ఇదే. డాక్టర్ తోని గాలె, యోగా తోని గాలె. దీంట్ల దూది గాదు, దేవుడున్నడు’ అన్నాను.

‘లెవ్వు జర’ అన్నది అనసూర్య.

లేచాను. సుట్టకుదురు తీసుకుంది. కుట్టు దగ్గర వేలు పెట్టి లాగితే ఊడిపోయింది, మూడు పోగులతో ఊరికే తగిలించి ఉంది. తలకిందులు చేసి దులిపింది. ఏమీ రాలలేదు. లోపలి గుడ్డ బయటికి తిప్పి ఇంకోసారి దులిపింది. పావలా అంత ఎర్ర నూలు ఉండ ఒకటి గాలిలో తిరిగి తిరిగి వచ్చి నా కాలి మీద వాలింది. అంతే. మిగిలింది రెండు పొరల పాత జంపఖానా.

‘ఎప్పటిసంది?’ అన్నాను.

‘ఇరవై రెండు దినాలాయె ఉట్టి సంచి మీద కూసోవట్టి. మహిత చెప్పింది, దినాం ఒక పిడికెడు తియ్యి ఆంటీ అని. ఆదివారం ఆదివారం ఎండకేసి ఇంకో రెండు పిడికెళ్లు తీసిన.’

యాకయ్య పార మీద గడ్డం ఆనించి వంగిపోయాడు నవ్వలేక. ఆమె కొంగులోంచి ఫోన్ తీసింది. అది మాట్లాడుతోంది. డోర్నకల్ నుంచి నువ్వేరా, బాలరాజూ, మొత్తం వింటున్నావు. ‘బావా, ఈసారి ఎవలు పడ్డరు?’ అంటున్నావు. ఇరవై రెండు రోజులు ఏమీ లేనిదాని మీద కూర్చుని, నొప్పి ఎడమకు ఉందా, కుడికి ఉందా అని వెతుక్కున్నాను. ఎవరితోనైనా అంటే నమ్ముతారా? నమ్మరు. నా మాట ఎవరు నమ్ముతారు?

‘ఎట్ల తెల్వలేదే నాకు?’ అన్నాను.

అనసూర్య నవ్వింది. ముప్పై ఏళ్లకు. నవ్వి, ఆ ఉట్టి గుడ్డను చెక్క మీద నున్నగా పరిచి, చేత్తో సవరించి అన్నది:

‘జంపఖానా కింద ఏమున్నదో చూడకుంట కూసునుడు నీకు అలవాటే గద.’